కోబాల్టు గదిలో చెయ్యి

దయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. అంతదాకా ఎందుకు, మనుషుల మీదే నాకు నమ్మకం అంతంతమాత్రం. పెనుగొండలో మాది బట్టల కొట్టు. ఎవరైనా పట్టు అని చెబితే, పోగు లాగి కాల్చి చూస్తే గానీ ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఎనభైల మొదట్లో మా అక్క వరలక్ష్మికి తలలో ఎడమవైపు, చెవి పైన గడ్డ అన్నారు. మద్రాసులో ఆపరేషను చేసి తీయగలిగినంత తీశారు. మిగిలినదానికి కరెంటు పెట్టించమన్నారు. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటారు. బావగారు పోయాక అక్కకి నేనే దిక్కు. కాకినాడలో ఆసుపత్రి దగ్గరే గది తీసుకున్నాను.

డాక్టరు గారు నెమ్మదస్తుడు. "మన దగ్గరున్నది కోబాల్టు మిషనండి. దీని కిరణం ఎడమవైపు దూరి, గడ్డ దగ్గర ఆగకుండా కుడివైపు నుంచి బయటికి పోతుంది. దారిలో మంచి మెదడుకీ కొంత దెబ్బ తగులుతుంది. రెండువైపులా జుట్టు ఊడుతుంది" అన్నారు.

"ఆగే కిరణం లేదాండీ?"

"విదేశాల్లో ఒకటి రెండు చోట్ల ప్రోటాన్లతో చేస్తున్నారు. పరమాణువులో ఉండే రేణువులవి. అనుకున్న లోతుకి వెళ్ళి అక్కడే ఆగిపోతాయి. దానితో గడ్డ ఇంకా బాగా తగ్గుతుందని కాదు గానీ, అవతలి మెదడు దెబ్బ తినదు. మనకి దొరకదు లెండి."

మంచిది వాళ్ళకి, మిగిలింది మనకా అని లోపల గొణుక్కున్నాను.

మొదటిరోజు బయటికి రాగానే అక్క అడిగింది. "లోపల ఇంకెవరున్నార్రా? కుడివైపు అరచెయ్యి ఆనించి తల పట్టుకున్నారు."

మిషను నడిచేటప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండకూడదు. బయట నుంచి కిటికీ అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. అక్క తప్ప ఎవరూ లేరు. గడ్డ వల్ల అలా అనిపిస్తోందిలే అనుకున్నాను.

రోజూ అదే మాట. కొన్ని వారాలకి ఎడమవైపు జుట్టు కుచ్చులుగా ఊడింది. కుడివైపు చెక్కు చెదరలేదు.

అసలు కరెంటు సరిగా పెడుతున్నారా అని నాకు అనుమానం. డాక్టరు గారికి నా మీద అనుమానం. "రోజూ తీసుకొస్తున్నారాండీ?" అని నిలదీశారు. చివరికి ఆయనే అక్క కుడి చెవి దగ్గర ఎక్స్‌రే ఫిల్ము పెట్టి కరెంటు ఇచ్చారు. కడిగితే ఫిల్ము మీద ఏమీ పడలేదు. ఫిల్ము పాడైందేమోనని, అదే పెట్టెలోంచి ఇంకోటి తీసి, తల బదులు నీళ్ళ డబ్బా పెట్టి చూశారు. కిరణం తగిలినట్టు నల్లగా వచ్చింది.

రెండు ఫిల్ములూ కిటికీ వెలుతురులో పెట్టి ఆయన చాలాసేపు చూశారు. "ఇది మా మిషను చేసే పని కాదండి. ఎవరికైనా చెబితే నన్నే అనుమానిస్తారు" అన్నారు.

కరెంటు పెట్టే గది గోడలు తడిమి చూశాను. ఇంకో తలుపు లేదు.

ఆఖరి రోజు రిక్షా ఎక్కాం. అక్క మెల్లగా చెప్పింది.

"మొదట్లో ఆ చెయ్యి చల్లగా ఉండేదిరా. రానురాను వేడెక్కింది. ఇవాళైతే వణికిపోయింది. అయినా తియ్యలేదు. ఎవరో పాపం, ఏమైపోయారో."

అక్క బతికింది. చాలా ఏళ్ళు, మాట తడబడకుండా, మతిమరుపు రాకుండా బతికింది.

కాకినాడ నుంచి వచ్చేశాక కూడా, బస్సులోనో సంతలోనో ఎవరైనా చెయ్యి చాపితే, కాలిన మచ్చ ఉందేమోనని అరచేతిలోకి చూసేవాణ్ణి. ఎక్కడా కనబడలేదు.