కాడల మీద నిలబడిన బొకే

భార్య పరీక్ష రోజు పొద్దున్నే వడ్రంగి స్నానాల గదిలోకి వెళ్ళి, సగం మూసిన కళ్ళతోనే మూలనున్న బకెట్టు ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నాడు. అందులో నీళ్ళతో పాటు గులాబీలూ ఉన్నాయి. ముళ్ళు గీకేసినవి కావడంతో ఆయనకేమీ కాలేదు.

తువ్వాలు చుట్టుకుని, చెవి మీద ఒక రేకుతో బయటికొచ్చాడు.

“ఏమేవ్, స్నానాల గదిలో పూలేమిటే?”

“నానబెట్టానని రాత్రి చెప్పాను కదండీ!”

చెప్పే ఉంటుంది. ఆయన ఊఁ కొట్టే ఉంటాడు.

సగం పూలకు మెడలు విరిగాయి. ఇప్పుడు కొత్తవి కొన్నా, అవి నీళ్ళు తాగి తేరుకునే వ్యవధి లేదు. ఆమె ఏళ్ళ తరబడి ఒక పూలకొట్టులో బొకేలు కడుతోంది. డిజైనర్ ఎవరని ఎవరైనా అడిగితే యజమాని తన గుండె మీదే చెయ్యి వేసుకుంటాడు. ఈ పరీక్ష గట్టెక్కితే గుర్తింపు పొందిన డిజైనర్‌గా సొంత పేరుతో పని ఒప్పుకోవచ్చు. పరీక్షలో కట్టిన బొకే ఏ ఆసరా లేకుండా తన కాడల మీదే నిలబడాలి. పోయినసారి ఆమె బొకే నిలబడినట్టే నిలబడి పరీక్షకురాలి ఒళ్ళో వాలింది. ఈసారీ తప్పితే మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

చేసిన నిర్వాకానికి ప్రాయశ్చిత్తంగా వడ్రంగి బకెట్టు తనే పరీక్ష హాలుకు మోసుకొచ్చి, చూడవచ్చినవాళ్ళ మధ్య ఒక బెంచీ మీద ఒదిగి కూర్చున్నాడు.

ఆమె ఎడమచేతి వేళ్ళను ఉంగరంలా చుట్టి, అందులోకి ఒక్కో కాడనూ ఏటవాలుగా జార్చింది. ఒకటి పెట్టడం, గుత్తిని కాస్త తిప్పడం, మరొకటి పెట్టడం. అన్నీ ఒకే వాలు. పూలు చాలని చోట కప్పిపుచ్చలేదు. ఆ ఖాళీలోకి ఒక సన్నటి ఆకుకొమ్మను వంచి వదిలింది. పురికొసతో బిగించి, కాడల చివర్లు సమంగా కత్తిరించి, బొకేను ఉత్త బల్ల మీద పెట్టి చెయ్యి తీసేసింది.

నిలబడింది.

పరీక్షకురాలు బల్లను పిడికిలితో గుద్దింది. రేకులు వణికాయి గానీ కాడలు కదల్లేదు.

వడ్రంగి మెడ చాచి కాడల కిందికి చూశాడు. ఆయన చేసిన ఏ బల్లకైనా ఒక కాలి కింద అట్టముక్క దోపాల్సిందే. ఇక్కడ చూస్తే అన్ని కాళ్ళు, ఒక్కటీ తిన్నగా లేదు, అట్టముక్క ఊసే లేదు! ఇన్నేళ్ళూ తనకు అన్నం వడ్డించిన చెయ్యేనా అది? తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి బాబాయ్, మాక్కనబడద్దూ?” అంది వెనకమ్మాయి. “ఆవిడ మీకేమవుతారు?”

“మా ఆవిడ,” అన్నాడాయన, తనకే నమ్మకం కుదరనట్టు.

పరీక్షకురాలు ‘పాస్’ అని రాసి, సంతకం పెట్టి, కళ్ళజోడు సవరించుకుంది.

“అంతా బాగుంది గానీ, ఈ పక్క పూలు మరీ పలచబడ్డాయేంటమ్మా?”

“ఆ పక్క పూలతో పొద్దున మా ఆయన స్నానం చేశారు మేడమ్.”