పేజీ తెరుచుకోకముందే

రాయ్‌పూర్‌లో, తెలీబంధా దగ్గర ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారుచేస్తాను. పేజీ అడ్రసులో ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే పేరు, నంబరు లాంటి వివరాలను విడదీసి ప్రోగ్రాముకు అందించడమే నా పని. అందుకే ఏ లింకు కనబడినా నా కళ్ళు ముందు దాని చివరికే పోతాయి.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన నాన్నకు మెడలో గడ్డ లేస్తే, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఆదివారం ల్యాబ్ వాళ్ళు పంపిన లింకును లాప్‌టాప్‌లో నొక్కాను. నెట్ నెమ్మదిగా ఉంది. పైన పొడుగాటి అడ్రసు వచ్చింది గానీ పేజీ తెల్లగానే ఉండిపోయింది.

"ఏటమ్మా, రిపోర్ట్ ఖులిందా?" అన్నారు నాన్న. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

అప్పటికే చదివేశాను. ప్రశ్న గుర్తు తర్వాత నాన్న పేరు, వయసు, ఆ పక్కనే రిజల్ట్: క్యాన్సర్. నాలాంటివాళ్ళే ఎవరో, పని తేలికవుతుందని ఆ మాటను అంత బాహాటంగా అక్కడ పెట్టేశారు. వాళ్ళను తిట్టుకోవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

కాసేపటికి 'మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చి ఆగిపోయింది.

"నహీ ఖులా నాన్నా, తెరుచుకోలేదు."

"పోన్లే. గడ్‌బడ్ ఉంటే డాక్టరే ఫోన్ చేద్దుడు కదా! ఏటీ లేదన్నమాటే," అని నాన్న అమ్మ వైపు తిరిగి నవ్వారు. "చాయ్ పెట్టవే."

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాన్న పోయారు. నేను ఇంకా ఆ పనే చేస్తున్నాను. ఎంత పొడుగు అడ్రసులోంచైనా కావలసిన మాట క్షణంలో బయటికి తీస్తాను. ఆ రోజు ముగ్గురం కలిసి చాయ్ తాగినంతసేపూ, ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.