ఎన్ని ఆఖరు రోజులు?

సిద్దిపేట చుట్టుపక్కల ఊర్లల్ల ఆటోకు మైకు కట్టుకొని తిరిగే ప్రకటనలల్ల వినవడే ఆడగొంతు నాదే. బస్టాండు దిక్కు ఒక చిన్న రికార్డింగు దుకాణంల పనిచేస్త. దుకాణం ఓనరును నేను చాచా అంట, ఆయన నన్ను బేటీ అంటడు.

మా నాయిన కల్లు గీస్తడు. "కల్లుల నీళ్లు కలిపితె తాగెటోనికి తెల్వకపోవచ్చు బిడ్డా, పోసెటోనికి తెలుస్తది గద" అంటుంటడు. నేను పోసేది మాటలు. అందుకే నీళ్లు కలపొద్దనుకున్న.

ఒకపారి చీరెల దుకాణం సేటు వచ్చి "తగ్గింపు ధరలు, నేడే ఆఖరు!" అని చెప్పించుకపోయిండు. నిజమే అనుకొని గొంతు చించుకొని చెప్పిన. ఆటో చింతమడకకు పోయింది. గాడ మా పెద్దమ్మ నా గొంతు గుర్తువట్టి, నాట్లు మధ్యల ఇడిచిపెట్టి, బురద కాళ్లతోని బండెక్కి ఉరికొచ్చింది. తెల్లారి మళ్ల అదే ఆటో, అదే నేడే ఆఖరు. ఆ మరునాడు గూడ.

పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఎన్ని ఆఖరు రోజులే పిల్లా నీకు? కూలోళ్లంత నన్ను చూసి నవ్వవట్టిరి!"

నాకు మొఖం చెల్లలేదు.

తర్వాతి వారం సేటు మళ్ల వచ్చిండు. "కొత్త పాట పెట్టి మళ్లొకపారి నేడే ఆఖరు కొట్టుర్రి" అన్నడు.

"నేను చెప్ప సేటూ" అన్న.

చాచా చాయ్ గిలాస పక్కకు పెట్టిండు. "బేటీ, నీ సచ్చాయితోని నా దుకాణంల ఈగలు కొట్టుకోవాల్నా?"

"పని కాదంటలేను చాచా. మాట మారుస్త అంటున్న."

గంతల సేటుకు ఫోన్ వచ్చింది. ఆయన మాట్లాడుతుంటె నేను మాట మార్చి రాసుకున్నది ఎదురుంగ నిలవడి సదివిన. సేటు తల ఊపిండు. నాకు ఊపిండా, ఫోన్ల ఉన్నోనికి ఊపిండా అని నేను అడగలేదు.

"అబద్ధం చెప్పవు గని, సేటు సరింగ ఇననే లేదు, గిదేంది మరి?" అని చాచా గుసగుసలాడిండు.

"ఇనిపించిన గద" అన్న.

పొద్దుగాల ఆటో బయలెల్లింది. "అక్కలారా! ఆఖరు రోజు గీ రోజు గాదు. రేపు గూడ గాదు. ఎన్నడో మా సేటుకే తెల్వదు. ఉరుకుడు అక్కెర లేదు. నాట్లు వేసుకొని నిమ్మళంగ రండ్రి. చీరెలు ఏడికి పోవు!"

పగటీలికి సేటు ఉరికొచ్చిండు. చెమటలు కారుతున్నయి. "నా ఇజ్జత్ తీస్తివి గదమ్మా! వచ్చిన ప్రతి ఆడిమనిషి ఆఖరెప్పుడు సేటూ అని అడుగుడు, నవ్వుడు!"

"వచ్చిన్రా?" అని చాచా మెల్లగ అడిగిండు.

"రాకేంది? తొందర లేదన్నరు గద అని కాళ్లు చాపుకొని కూసున్నరు. అల్మారలల్లకెళ్లి ఉన్న చీరెలన్ని తీపిచ్చిన్రు. పొద్దటిసంది మడతలు పెట్టుడే నా పని!"

"కొన్నరా?"

సేటు చెమట తుడుసుకున్నడు. "కొందరు కొన్నరు. కొందరు చాయ్ తాగి పోయిన్రు."

నాకు నవ్వు ఆగుతలేదు, గని గాయిన మొఖం చూసి జాలి గూడ అయింది. మైకుల బదునాం చేసుడు గూడ న్యాయం గాదు గద. "సేటుకే తెల్వదు అన్నది తీసేస్త. నిమ్మళంగ రండ్రి అన్నది మాత్రం ఉంటది" అన్న. చానసేపు గునిసి ఒప్పుకున్నడు.

మళ్ల మైకు ముందట కూసున్న. సేటు తలుపు కాడ గల్మల నిలవడి, "ఆఖరుకు, మా సేటు మంచోడు అని గూడ ఒక్క మాట కలుపమ్మా" అన్నడు.

"గది నాకింకా తెల్వదు సేటూ. కొన్ని దినాలు చూసి చెప్త."

చాచా పక్కున నవ్విండు. ఆ నవ్వు గూడ రికార్డయింది.