అడుగు తప్పే మిషన్

2023 వానాకాలం. శంషాబాద్ హైవే మీద గగన్‌పహాడ్‌లో ఒక చిన్న షెడ్డు. కాటేదాన్ బిస్కెట్ ఫ్యాక్టరీలకు ఇత్తడి అచ్చులు చెక్కి ఇచ్చే పని అక్కడ. పాత మిల్లింగ్ మిషన్లకు కంప్యూటర్ కంట్రోల్ అమర్చడం నా వృత్తి. ఆ షెడ్డులోని మిషన్‌కూ నేనే అమర్చాను. అందుకే ఓనర్ శ్రీశైలం ఫోన్ చేసి, "మేడం, మీ మిషన్ పువ్వును పక్కకు జరుపుతున్నది," అనగానే నాకు ఒళ్లు మండింది. బాగా నడిచినన్నాళ్లూ మిషన్ వాళ్లది, చెడిపోతే మాత్రం నాది!

వెళ్లి చూస్తే నిజమే. అచ్చులో పువ్వు సగం దాకా ముచ్చటగా వచ్చింది. అక్కడి నుంచి రేకులన్నీ వెంట్రుకవాసి పక్కకు జరిగాయి. అలా పాడైన ఇత్తడి పలకలు మూలన ఒక కుప్ప ఉన్నాయి.

పలక బిగించి మిషన్ నడిపేది యాదయ్య, శ్రీశైలం అక్క భర్త. బిగింపు వదులైనా పువ్వు ఇలాగే జరుగుతుంది. ఇద్దరిదీ కందుకూరు దిక్కు పల్లె. యాదయ్య చేయి తిరిగిన పనివాడు. శ్రీశైలం నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "బావ ధ్యాస పని మీద లేదు మేడం. మొఖం మీద అనలేను. అన్ననంటే మా అక్క మళ్ల నా గడప తొక్కదు."

యాదయ్య దాపరికం లేకుండా నా ముందే అన్నాడు. "అమ్మా, నా చెయ్యి ఖరాబయ్యిందా, మిషన్ ఖరాబయ్యిందా, జర సక్కగ చూసి చెప్పు. నాదే తప్పయితే ఇగ ఈ షెడ్డు మొఖం చూడ. ఎయిర్‌పోర్టుల ట్రాలీలు నూకుత. బామ్మర్ది సొమ్ము ఆగం జేస్తున్నడని పదిమంది నోట్ల పడలేను." ఆయన కళ్లలో నీళ్లు చూసి నా కోపం కాస్త దిగింది.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. మిషన్ బల్లను కదిపేవి స్టెప్పర్ మోటార్లు. కంప్యూటర్ కొట్టే ఒక్కో దరువుకు మోటారు ఒక్కో చిన్న అడుగు వేస్తుంది. దరువు సమానంగా పడాలి. ఒకటి ఆలస్యమై, తరువాతిది దాని వెంటే వచ్చి పడితే మోటారు అడుగు తప్పుతుంది. తప్పినట్టు దానికి తెలియదు, అక్కడి నుంచే చెక్కుకుంటూ పోతుంది. డప్పు తడబడితే చిందేసేవాడి కాలు తప్పినట్టే. దరువుల మధ్య వచ్చే ఈ హెచ్చుతగ్గునే జిట్టర్ అంటారు. ఇలాంటి పనిని రియల్-టైమ్ పని అంటారు, అంటే గబగబా చేయడం కాదు, వేళ తప్పకుండా చేయడం. ఎంత కొత్త కంప్యూటరైనా వేళ తప్పితే ఈ పనికి పనికిరాదు. కొలవడానికి లేటెన్సీ టెస్ట్ అనే ప్రోగ్రాం ఉంది. అది నడిచినంతసేపూ, అప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్ద ఆలస్యాన్ని తెర మీద చూపిస్తుంది.

మిషన్ ఆపి టెస్ట్ పెట్టాను. శ్రీశైలం నా వెనకే నిలబడ్డాడు. కంప్యూటర్ తడబడుతుందేమోనని పాటలు పెట్టించాను, కంప్రెసర్ ఆన్ చేయించాను, నాలుగైదు ప్రోగ్రాంలు తెరిచి మూశాను. సంఖ్య మోటారు తట్టుకోగల హద్దు దాటలేదు. గోడ మీది కెమెరా వైరు ఆ కంప్యూటర్‌కే వచ్చి ఉండడం చూసి అడిగాను. "అది దొంగల కోసం మేడం, రాత్రిపూట కోసం," అన్నాడు శ్రీశైలం.

"అయితే కంప్యూటర్ మంచిగనే ఉన్నది," అంటూ యాదయ్య లేచాడు. చేతులు తుడుచుకుని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకోసాగాడు. "ఆగన్నా! నేనే ఇంకా తేల్చలేదు, నువ్వెట్ల తేలుస్తవ్?" అని కసిరాను. అక్కడ నిలబడలేక శ్రీశైలం చాయ్ తెస్తానని బయటికి వెళ్లాడు.

అతను వెళ్లిన కాసేపటికే సంఖ్య ఎగిరింది. హద్దు దాటి ఎక్కడికో పోయింది. "అగో, గదేంది!" అన్నాడు యాదయ్య. మేమిద్దరం ఏదీ ముట్టుకోలేదు. శ్రీశైలం చాయ్‌తో వచ్చాక టెస్ట్ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. బుద్ధిగా నడిచింది. ఫోన్ మాట్లాడొస్తానని అతను మళ్లీ బయటికి వెళ్లాడు. సంఖ్య మళ్లీ ఎగిరింది. ఈసారి నేనూ చప్పుడు చేయకుండా అతని వెనక నడిచాను.

గేటు పక్కన రేకు కింద నిలబడి శ్రీశైలం ఫోన్ చూస్తున్నాడు. ఫోన్‌లో కనిపిస్తున్నది మా షెడ్డే. యాదయ్య వీపు, పక్కన నా ఖాళీ కుర్చీ.

"ఏం శ్రీశైలం, దొంగలు పట్టపగలే వస్తున్నరా?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు. మొదట్లో ఒకటి రెండు పలకలు చెక్కే టూల్ విరిగి పాడయ్యాయట. అది ఎవరి చేతిలోనైనా జరిగేదే. అతనికి అనుమానం వచ్చి కెమెరా పెట్టాడు. అప్పటి నుంచి ఎక్కడున్నా ఫోన్‌లో బావను చూస్తూనే ఉన్నాడు. "నేను చూసినప్పుడల్లా పలక ఖరాబైతనే ఉన్నది మేడం. గందుకే నా అనుమానం గట్టిపడ్డది."

"ఎందుకు కాదయ్యా! నువ్వు ఫోన్ తెరవంగనే ఆ కంప్యూటర్ దరువు వదిలేసి నీకు వీడియో పంపుతున్నది. పలకలు పాడుచేసింది మీ బావ చెయ్యి కాదు, నీ చూపు."

అతని మొహం పాలిపోయింది. "మేడం, కెమెరా తీసేస్త. బావకు మాత్రం చెప్పకుండ్రి. మిషన్ల ఏదో చెడింది, బాగు జేసిన అనుండ్రి."

ఒక్క క్షణం నాకూ అదే మేలనిపించింది. నా పని మిషన్ వరకే కదా, వాళ్ల ఇంటి గొడవ నాకెందుకు? కానీ లోపల ఆ మనిషి డబ్బా సర్దుకుని కూర్చున్నాడు. ఏదో చెడింది అంటే నమ్మడు, జాలిపడి అన్నామనుకుంటాడు. "అబద్ధం నాతోని కాదు. నిజం నువ్వే చెప్పుకో, నేను పక్కన నిలబడత," అన్నాను.

చెప్పాడు. లోపలికి వచ్చి తల దించుకుని, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు. నేను టెస్ట్ పెట్టి, అతని ఫోన్‌లో కెమెరా తెరిపించి, ఎగిరిన సంఖ్యను యాదయ్యకు చూపించాను.

"నా చెయ్యి మంచిగనే ఉన్నది," అన్నాడు ఆయన. తరువాత బామ్మర్ది వైపు తిరిగాడు. "కెమెరా తీసెయ్యకు. వేరే కంప్యూటర్‌కు పెట్టు. పలక దిక్కు తిప్పి పొద్దంత చూసుకో, నాకేం ఫికర్ లేదు. నా మొఖం దిక్కు మాత్రం వద్దు. నా మొఖం చూడాల్ననిపిస్తే లోపలికి రా."

శ్రీశైలం స్టూల్ ఎక్కి కెమెరా వైరు పీకేశాడు. యాదయ్య సంచి కింద పెట్టి కొత్త పలక బిగించుకున్నాడు.

నేను పక్కన కూర్చున్నప్పుడు బుద్ధిగా నడిచినంత మాత్రాన ఏ కంప్యూటర్‌నూ ఆ తరువాత ఎన్నడూ నమ్మలేదు. రోజూ దాని మీద ఏమేం భారం పడుతుందో అదంతా పెట్టి కొలుస్తాను. మనుషుల సంగతి వేరు. వాళ్లను కొలవకముందే అడగవచ్చు. మొదటి పలక పాడైన రోజే శ్రీశైలం లోపలికి వచ్చి "ఏమైంది బావా?" అని అడిగి ఉంటే, యాదయ్య అన్నాళ్లు తన చేతులను తానే అనుమానించుకునేవాడు కాదు.