సందెపూట పోగు

మా వీధిలో నూలు కండెలు చుట్టే అత్తకు ఒక అలవాటు ఉండేది. కడుపుతో ఉన్న కోడలు ఎవరు కనబడినా పొద్దుగూకే వేళకు పిలిచి, తెగిన పోగు చేతికిచ్చి ముడి వేయమనేది.

నేను హుజూరాబాద్ నుంచి ఆ మరమగ్గాల వీధికి కొత్తగా వచ్చిన కోడలిని. నా పనితనం చూస్తోందనుకున్నాను. అప్పుడు నాకు ఏడో నెల. పొద్దు వాలితే గడప కూడా కంటికి ఆనేది కాదు. పని తప్పించుకోవడానికి వంకలు చెబుతోందంటారని ఎవరికీ చెప్పలేదు. పోగును వేళ్లతో తడిమి ముడి వేసి, గర్వంగా చూపించాను.

ఆమె ముడిని చూడలేదు, నా మొహం చూసింది.

"ఏళ్లతోని కట్టినవ్ బిడ్డా. కండ్లు ఎటో ఉన్నయ్."

మర్నాడే దవాఖాన నర్సమ్మ దగ్గరికి తీసుకుపోయి రేచీకటికి మందు ఇప్పించింది. ఆ తర్వాత రోజూ నూనెలో వేయించిన పొన్నగంటి కూర తెచ్చి, నేను తినేదాకా గడప మీద కూర్చునేది. ఇంట్లో తింటూనే ఉన్నాను కదత్తా అంటే ఒకటే మాట.

"కడుపుల ఉన్న బిడ్డ ముందుగాల తీస్కుంటది. మిగిలిందే నీది."

కొన్నాళ్లకు ఒక సందెపూట పోగు నా కళ్లకే కనబడింది. ఆ సంతోషంలో, అందరికీ ఈ పరీక్ష ఎందుకత్తా అని అడిగాను. ఆమె కండె చుట్టడం ఆపకుండానే చెప్పింది. తొలిచూలప్పుడు సందెవేళ నీళ్లకు పోయి, బావి మెట్లు కనబడక పడిందట. బిడ్డ దక్కలేదట.

"కండ్లు ఆనుతలేవంటే మా అత్త నమ్మలే. పోగిచ్చి చూసేటోళ్లు ఎవ్వలు లేకపాయె."