రెండో చప్పుడుకు ఆగని మనిషి

బొగ్గుబాయిలో పైకప్పును కడ్డీతో తట్టి చూడటం సదయ్య పని. చప్పుడు గట్టిగా వస్తే సరే. డొల్లగా వినిపిస్తే మాత్రం రెండోసారి తట్టడు, "ఉరుకుండ్రి!" అని కేకేస్తాడు. తొమ్మిది సార్లు అందరినీ ఉత్తి పుణ్యానికి ఉరికించాడు. పదోసారి నిజంగానే కూలింది, ఆరుగురు బతికారు. ఇక ఆయన తొందరను ఎవరు తప్పుపడతారు? భార్య సారక్క కూడా మురిసిపోయింది. ఆ తొందర తన వంటింటి మీదికే వస్తుందని పాపం ఆమెకేం తెలుసు!

పోయిన ఎండాకాలం కూతురు సంధ్యారాణి కుల సర్టిఫికెట్ కోసం తండ్రి కాగితాలన్నీ బీరువాలోంచి తీసింది. వాటిలోని దవాఖాన చీటీలు సదయ్య కంటపడ్డాయి. ఆ పూటే మెంతికూర పప్పు కాస్త చేదైంది. సదయ్యకు అంతే చాలు.

"నాకు మందు వెడుతున్నవు. నన్ను అన్‌ఫిట్ జేపిచ్చి బిడ్డకు నా నౌకరి ఇప్పియ్యాలని జూస్తున్నవు."

ఆరోగ్యం చెడి దిగిపోయినవాడి కొలువు పిల్లలకు రావడం గోదావరిఖనిలో మామూలే. సారక్కకు మాత్రం నవ్వొచ్చింది. "గదేందయ్యా, మెంతికూర చేదుండదా?" అంది. ఆ నవ్వునూ ఆయన సాక్ష్యంగా పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి ఇంట్లో ముద్ద ముట్టలేదు. క్యాంటీన్‌లో చాయ్, రెండు బన్నులు, అంతే. సారక్క ఆయన కంచంలోంచే మొదటి ముద్ద తిని చూపించింది.

"ఏ పక్క కలపలేదో నీకెరుకే గదా" అన్నాడు.

సంధ్యారాణి ఏడుస్తూ, తనకు బాయి నౌకరి వద్దని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

"అడగకముందే రాసిచ్చిందంటే మనసుల ఉన్నట్టే."

డాక్టరుకు చూపిద్దామంటే ఆయన భయమంతా ఆ దవాఖానే. షిఫ్టు వేళకు సారక్క అలవాటుగా సద్ది కడుతుంది, ఆ గిన్నె గడప దగ్గరే ఉండిపోతుంది. ఇంత మంచి మనిషికి ఇదేం ఖర్మ అని కుమిలిపోవడం తప్ప ఆమెకు మరో దారి దొరకలేదు.

వానలు మొదలయ్యేసరికి సదయ్య ఒంటిమీద చొక్కా వేలాడింది. ఒకరోజు డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోతే, తోటి పనివాడు మొగిలి ఇంటికి తెచ్చి దింపాడు. వారం తిరక్కుండా, పనికి ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చే మెడికల్ బోర్డు ముందుకు రమ్మని చీటీ వచ్చింది.

సదయ్య అరవలేదు. "జూసినవా, నేనప్పుడే అన్న" అన్నాడు నెమ్మదిగా.

నువ్వు తినక పడ్డవయ్యా అని అనబోయింది సారక్క. ఆ మాటను ఆయన ఎటు తిప్పుతాడో తెలిసి ఆగిపోయింది. గడప దగ్గర కూర్చుని, సద్దిగిన్నె మూత తీసి, ఆయనకు కట్టిన అన్నం తానే తినసాగింది. ప్రతి ముద్దనూ ఆయన ఆకలిగా చూస్తూ కూర్చున్నాడు.