తొమ్మిదో అంకె దాకా బురద

సీడర్ గట్ డ్యామ్‌లో నిలబెట్టిన కొలబద్ద మీద అంకె చూసి, పట్నం ఆఫీసుకు ఫోనులో చెప్పడం ఆస్బర్ట్ నాంటన్ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే ఆరింటికి అదే పని. అంకె చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ వెంటనే అతను చెప్పే రెండో మాటను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు రాసుకుంటే ఒట్టు.

ఆ రెండో మాట ఏమిటంటే, అడుగున బురద ఉంది. కొండల మీంచి వాన మోసుకొచ్చిన మన్ను ఏటేటా పేరుకుని కొలబద్దను తొమ్మిదో అంకె దాకా మింగేసింది. డ్యామ్ నిండితే పద్నాలుగు. అంటే అందులో నీళ్ళు అయిదడుగులే. ఇంత చిన్న లెక్క పట్నంలో చదువుకున్నవాళ్ళ బుర్రకెక్కదు! నీళ్ళుండగా బురద తీయడం కుదరదు. డ్యామ్ ఎండాలి, మట్టి తవ్వే మిషను దిగాలి. ఆస్బర్ట్ హయాంలో అది రెండుసార్లు ఎండింది. మొదటిసారి మిషను వచ్చింది, డీజిల్ రాలేదు. రెండోసారి రెండూ వచ్చాయి గానీ, తీసిన మట్టి ఎవరి పొలంలో పోయాలన్న తగువు తెగేలోపు వాన పడింది.

ఆ జూలైలో మూడోసారి ఎండింది. మరుసటి జూన్‌తో అతను రిటైరవుతాడు. ఈసారైనా బురద తీయించకపోతే, ఇరవై ఆరేళ్ళూ అంకెలు వల్లించిన చిలకనే అవుతానని అతని బాధ.

"డ్యామ్ ఎండిపోయింది మేడమ్," అని ఇంజనీరు మిస్ టాంజ్‌కు ఫోను చేశాడు.

"అంకె ఎంత, ఆస్బర్ట్ గారూ?"

"తొమ్మిది."

"తొమ్మిదడుగులుంటే ఎండిపోయిందంటారేంటండీ?"

"ఆ తొమ్మిదడుగుల మీద ఆవులు మేస్తున్నాయి మేడమ్! వచ్చి చూడండి, చెప్పులు కూడా తడవ్వు."

పాపం, ఆ పిల్ల వచ్చింది. ఆవుల్ని చూసింది, నోరు తెరిచింది, తిరిగి వెళ్ళి ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడిందో గానీ కాగితం తెచ్చింది. ఆగస్టు పదిహేనుకు మిషను వస్తుంది, మూడు వారాల పని. ఆస్బర్ట్‌కు ఆ పూట ఆకలి కూడా వేయలేదు.

ఇంట్లో ఉంది అసలు గండం. అతని భార్య ఇస్మే చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనలకు పెద్ద. వానలు మొహం చాటేస్తే ఆమె ఉపవాస ప్రార్థన పెడుతుంది, ఊరు ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని వస్తుంది.

"శుక్రవారం ప్రార్థన. నీ తెల్లచొక్కా తీసి పెట్టా," అంది ఇస్మే పొయ్యి మీద ఫంజీ ముద్ద కోసం మొక్కజొన్నపిండి కలుపుతూ.

"ఒక్క నెల ఆగవే."

"దేనికి?"

"వాన ఇప్పుడే వద్దు. ముందు బురద తీయనీ."

ఇస్మే చేతిలో కర్ర ఆగిపోయింది. "బుద్ధుందా నీకు? ఒంటి మీద నీళ్ళు పోసుకుని నాలుగు రోజులైంది. ఎదురింటి వర్నీస్ పసిగుడ్డు బట్టలు సముద్రపు నీళ్ళలో జాడిస్తోంది. వాన వద్దని దేవుడితో చెప్పమంటావా?"

"వద్దని కాదే, కాస్త ఆలస్యంగా..."

"వాయిదాలు వేయడానికి ఆయనేం నీ ఆఫీసు గుమాస్తా కాదు!"

శుక్రవారం చర్చిలో అందరూ ఆమెన్ అన్నారు, ఆస్బర్ట్ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. అది ఆడవాళ్ళ కంట పడనే పడింది. "వాన పడితే నీ ఉద్యోగం ఊడుతుందా ఏంటి, నాంటన్ మామా?" అని నీళ్ళ ట్యాంకరు దగ్గర వర్నీస్ అందరి ముందూ దెప్పింది.

పదిహేనో తారీకు వచ్చింది, మిషను రాలేదు. ఏదో హోటల్‌వాళ్ళ గోల్ఫ్ మైదానం చదును చేస్తోందట. రేపన్నారు. రేపు ఎల్లుండి అయింది. ఆస్బర్ట్ ఫోను పట్టుకుని నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆదివారం చర్చిలో పాట సగంలో ఉండగా రేకుల కప్పు మీద టపటపమంది. జనం బయటికి పరుగెత్తి ముఖాలు పైకెత్తారు. ఇస్మే నిలువెల్లా తడిసి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "చూశావా?" అంది. ఆస్బర్ట్ ఏడ్చేశాడు. ఆనందంతో అనుకున్నారంతా.

సోమవారం లారీ మీద మిషను వచ్చింది. డ్రైవరు గట్టు మీద నిలబడి నీళ్ళ వంక చూసి, ఒక సిగరెట్టు కాల్చి, వెనక్కి తిప్పుకుపోయాడు.

వారం తిరిగేసరికి అంకె పద్నాలుగు. "నిండిపోయింది!" అని ఫోనులో మిస్ టాంజ్ సంబరపడింది.

"అందులో తొమ్మిది బురద మేడమ్. మీరు కళ్ళారా చూశారు."

"అంకె పద్నాలుగే కదండీ? రేడియోవాళ్ళు లైన్లో ఉన్నారు."

ఏడాదికి ఢోకా లేదని రేడియో చెప్పింది. జనం కార్లు కడుక్కున్నారు. మార్చి వచ్చేసరికి కుళాయిలు బుస్సుమని గాలి ఊదాయి. రేడియో అబద్ధం చెబుతుందా అని ఇస్మే స్వయంగా బకెట్టు పట్టుకుని డ్యామ్‌కు వెళ్ళింది. ఆవులు మేస్తున్నాయి.

"ఏడాదికన్నారుగా?" అంది.

చెప్పీ చెప్పీ ఆస్బర్ట్‌కు నోరు అరిగిపోయింది. పొడుగాటి ఇనుప కడ్డీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఇస్మే గుచ్చింది. కడ్డీ దిగింది, ఇంకా దిగింది, పిడి దాకా దిగినా గట్టి నేల తగల్లేదు. ఆమె బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయింది.

ఆ శుక్రవారం ఊరంతా తెల్లబట్టలతో చర్చికి వచ్చింది. ఇస్మే లేచి నిలబడి, ప్రార్థన ఇవాళ కాదు, మూడు వారాల తర్వాత అంది. బురద తీశాకే అంది.

"మొగుడు నీకేం మందు పెట్టాడే, ఇస్మే అత్తా?" అని వర్నీస్ చంకలో బిడ్డతో అరిచింది. తక్కినవాళ్ళు అంతకంటే గట్టిగా అరిచారు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఎదురుచెప్పని మనిషి. తల దించుకుని అన్నీ పడింది, మాట మాత్రం మార్చలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోను చేసి, ఆస్బర్ట్ అంకె కూడా చెప్పకుండా మొదలుపెట్టాడు. "మేడమ్, మా ఆవిడ ప్రార్థన ఆపింది. ఊరంతా నోటికొచ్చినట్టు తిడుతున్నా మూడు వారాలు ఆపింది. ఇక మీరు మిషను పంపండి."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏ మిషను, ఆస్బర్ట్ గారూ? డ్యామ్ నిండిందని ఆగస్టులోనే ఆ ఫైలు మూసేశారు కదండీ," అంది మిస్ టాంజ్. "అన్నట్టు, ఇవాళ అంకె ఎంత?"